ఐరన్‌మ్యాన్ చేశావు సరే, దానివల్ల ఎవరికేం ఒరిగింది?

లాస్ట్_ఫినిషర్
రెండు వారాల కిందట గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 పూర్తి చేశాను, అంటే ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే ట్రయాథ్లాన్. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, తర్వాత 90 సైకిలు, ఆ పైన 21.1 పరుగు. మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు ఇస్తారు, నేను 8 గంటల 11 నిమిషాలు వాడుకున్నాను. పేరు సార్థకమైందని నవ్వుకోండి, ఫర్వాలేదు.

అసలు సంగతి వేరే. మెడల్ తెచ్చి హాల్లో మేకుకు తగిలించాను. మొన్న మా మామగారు వచ్చారు. తెనాలి దగ్గర పల్లెటూరు, రిటైర్డ్ హైస్కూలు మాస్టారు. మెడల్‌ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. మొత్తం ఎంతయిందని అడిగారు. ఎంట్రీ ఫీజు, సైకిలు పెట్టె, ఫ్లైట్, హోటలు, ఏడాది కోచింగు అన్నీ కలిపి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏడాది పాటు నాలుగున్నరకు లేచి ఇంత కష్టపడ్డావు కదా బాబూ, దీనివల్ల ఎవరికేం ఒరిగింది?" అన్నారు. వెటకారం కాదండీ, తెలుసుకుందామనే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. కాఫీ తెస్తానని వంటింట్లోకి పోయాను.

మా గ్రూపులో 14 మందిమి ఉన్నాం. షుగరు జబ్బు మీద అవగాహన కోసం హైదరాబాద్ నుంచి విజయవాడకు సైకిల్ రైడ్ పెడదామనుకుంటున్నాం. టీషర్టులు, బ్యానరు, దారిలో రెండు కాలేజీల్లో ప్రసంగాలు. ఇలాంటివి చేసినవాళ్ళు ఎలా చేశారో చెప్పండి.

పంక్చర్_శాస్త్రి
అవగాహన ఎవరికి? సూర్యాపేట దగ్గర టిఫిన్‌కి ఆగినప్పుడు ఇడ్లీ వేసే అతనికా?

ఉప్మా_రన్నర్
నేను చేశాను అలాంటిది, 2019లో. క్యాన్సర్ అవగాహన, 200 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు ఒక ఫోటో, చేరాక ఒక ఫోటో. మధ్యలో అవగాహన ఎవరికి కలిగిందో ఇప్పటికీ తెలీదు. ఆ టీషర్టు మాత్రం సైకిల్ చైను తుడవడానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది.

మోకాలు_నొప్పి
చైను ఆరోగ్యం కూడా ఆరోగ్యమే కదండీ.

బావి_ఈతగాడు
అసలు ఒకరికి ఒరగాలని రూలేముంది? ఆదివారం సినిమాకి వెళ్ళొచ్చినవాణ్ణి "ఎవరికేం ఒరిగింది" అని అడుగుతామా? నీ డబ్బు, నీ కాళ్ళు. మామగారు పేకాట ఆడితే నువ్వు అడిగావా?

లాస్ట్_ఫినిషర్
ఆయన పేకాట ఆడరు. అదే కదా నా ఖర్మ. ముప్పై ఏళ్ళు సాయంత్రంపూట ఊళ్ళో పిల్లలకి ఉచితంగా లెక్కలు చెప్పారు. ఆయన అడిగితే తగులుతుంది.

డ్యూటీ_డాక్టర్
షుగరు మీద అవగాహన లేక జనం నడవడం లేదనుకోకండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉంది. నా ఓపీకి వచ్చేవాళ్ళలో నడవాలని తెలియనివాళ్ళు ఒక్కరూ ఉండరు. "రోజూ అరగంట నడవండి" అని చీటీ మీద రాస్తాను, "అలాగే మేడం" అంటారు, మళ్ళీ నెల అదే బరువుతో వస్తారు. ఎక్కడ నడవాలి, ఎవరితో నడవాలి, కుక్కలు తరిమితే ఏం చేయాలి, మూడో రోజు పిక్కలు పట్టేస్తే మానేయాలా వద్దా... ఇవి ఆ చీటీలో పట్టవు. ఆ విద్యలన్నీ మీకు వచ్చు. మీరేమో హైవే మీద విజయవాడ వెళ్తానంటున్నారు.

కృష్ణలంక_కుర్రాడు
కుక్కల విద్య మాత్రం నిజం మేడం. నా 5 కిలోమీటర్ల బెస్ట్ టైము మా వీధి కుక్కల పుణ్యమే.

నాలుగోరోడ్డు_నివాసి
నేను రన్నర్ని కాదు, ఇక్కడ చదవడానికి మాత్రమే వస్తాను. ఒక్క మాట చెప్పి పోతాను. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మొన్నామధ్య ఒక ఆదివారం మీ పరుగు పందెం కోసం మా రోడ్డు మూసేశారు. మామూలుగా పది నిమిషాల దారికి యాభై నిమిషాలు పట్టింది. బారికేడ్ దగ్గర నిలబడ్డ వాలంటీరు కుర్రాడు "అంకుల్, హెల్త్ కోసమే కదా" అన్నాడు. వెనక సీట్లో అమ్మ. నేనేమనాలి? సాయంత్రం చూస్తే రోడ్డు నిండా కాగితం కప్పులు, పరుగులో శక్తి కోసం మింగే జెల్ కవర్లు. సమాజానికి ఏదైనా చేయాలనుంటే ముందు దారివ్వండి.

పంక్చర్_శాస్త్రి
దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు కాబట్టే అందరూ చప్పుడు చేయకుండా ఉన్నారు. నేను చెప్తాను. తప్పు మనదే. నిర్వాహకులు ముందే కరపత్రం వేయాలి, అంబులెన్సుకీ ఆసుపత్రి కేసులకీ ఒక వరస వదలాలి, ఆ సంగతి బారికేడ్ దగ్గర నిలబడ్డ పిల్లాడికి తెలిసుండాలి. ఇక కవర్ల సంగతి. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉందా, అక్కడ జెల్ చింపి కవరు కిందేసేవాళ్ళని కళ్ళారా చూశాను. పదివేల రూపాయల జెర్సీకి వెనక మూడు జేబులుంటాయి, ఖాళీ కవరు పెట్టుకోవడానికి మాత్రం చోటుండదు.

అత్తిలి_అమ్మాయి
లాస్ట్_ఫినిషర్ గారూ, ఊరి సంగతి తర్వాత. నాలుగున్నరకు మీరు లేచి వెళ్తే పిల్లల్ని లేపి, బాక్సులు కట్టి, బస్సెక్కించింది ఎవరు?

లాస్ట్_ఫినిషర్
మా ఆవిడ.

అత్తిలి_అమ్మాయి
అనుకున్నాను. మామగారి ప్రశ్నలో సగం అదే అయ్యుంటుంది, కూతురి ఎదురుగా అనలేక ఊరి పేరు పెట్టారు.

దెప్పిపొడవడం కాదు, నాకు తెలిసి ఈ ఆటలో ఆడవాళ్ళు తక్కువుండటానికి కారణం కాళ్ళలో బలం లేక కాదు, తెల్లవారుజామున రెండు గంటలు చేతిలో లేక. నేను 36 ఏళ్ళకి ఈత నేర్చుకున్నాను. మా ఊరి పూల్‌లో లేడీస్ బ్యాచ్ పగలు పదకొండింటికి. ఉద్యోగం చేసేవాళ్ళు ఎవరొస్తారు? ఆరు నెలలు తిరిగి, పదిమంది చేత సంతకాలు పెట్టించి, పొద్దున ఆరింటి బ్యాచ్ తెప్పించుకున్నాం. ఇప్పుడు 22 మంది వస్తున్నారు, అందులో ఇద్దరికి అరవై దాటింది. నాకు మెడల్ లేదు కానీ మీ మామగారు అడిగితే చెప్పుకోడానికి ఇదొకటుంది. గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో మన దేశానికీ శ్రీలంకకీ మధ్యనున్న పాక్ జలసంధి ఈదారని మా బ్యాచ్‌లో రోజూ ఎవరో ఒకరు గుర్తు చేస్తుంటారు, ముఖ్యంగా నీళ్ళు చల్లగా ఉన్న రోజున.

విశాఖ_వాసి
శ్యామల గారు ఆ తర్వాత మా విశాఖ నుంచి కాకినాడ దాకా కూడా ఈదారండీ, రోజుకి కొంత చొప్పున. మా బీచ్‌లో ఆవిడ పేరు చెప్పి ఒడ్డున కూర్చుని పల్లీలు తినేవాళ్ళలో నేనొకణ్ణి.

లీడ్స్_లక్ష్మి
ఇక్కడి సంగతి చెప్తాను, పనికొస్తే తీసుకోండి. ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి మా ఇంటి దగ్గర పార్కులో 5 కిలోమీటర్లు, పార్క్‌రన్ అంటారు. ఫీజు లేదు, మెడల్ లేదు, టీషర్టు ఇవ్వరు. 2004లో లండన్‌లో ఒక పార్కులో 13 మందితో మొదలైందట, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. 2018 నుంచి ఇక్కడి డాక్టర్లు పేషెంట్లని దీనికి వెళ్ళమని చెప్పే ఏర్పాటు కూడా ఉంది. మా అత్తయ్యగారికి బీపీ చూపించడానికి వెళ్తే మాత్రతోపాటు పార్కు పేరు కూడా రాసిచ్చారు.

ఆవిడ చీర మీద స్వెట్టరు వేసుకుని వచ్చారు. "అందరికంటే వెనకబడితే నలుగురూ నవ్వుతారే" అని దారంతా గోల. అక్కడ టెయిల్ వాకర్ అని ఒక వాలంటీరు ఉంటారు. అందరికంటే వెనక నడవడమే వాళ్ళ డ్యూటీ, గీత దాటడం కూడా అందరి తర్వాతే. కాబట్టి ఆఖరి స్థానం ఎప్పుడూ వాళ్ళదే. ఆ రోజు ఆ డ్యూటీలో ఉన్నతను ఎన్ని మారథాన్లు చేశాడో ఒళ్ళు చూస్తేనే తెలుస్తోంది. గంటా ఐదు నిమిషాలు మా అత్తయ్య పక్కన నడిచాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. ఆవిడ మోకాళ్ళ గురించి, మనవడి గురించి, చలి గురించి చెప్తూనే ఉన్నారు, అతను తలూపుతూనే ఉన్నాడు. మళ్ళీ శనివారం ఎనిమిదింటికే తయారైపోయారు.

ఉప్మా_రన్నర్
లాస్ట్_ఫినిషర్ అన్నా, పుట్టుకతోనే నీ కోసం పెట్టిన ఉద్యోగంలా ఉంది ఇది.

లాస్ట్_ఫినిషర్
చదివి రెండుసార్లు నవ్వాను, మూడోసారి నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే నేను మెల్లగా నడవలేను. రేసులో మెల్లగానే ఉంటాను, కానీ అది నా శాయశక్తులా మెల్లగా. ఇంకొకరి కోసం మెల్లగా వెళ్ళడం వేరే సంగతి.

సిరిసిల్ల_సైకిల్
నేను వేరే మాట చెప్తున్న. ఈ వేదికలో ఎంతమంది రక్తం ఇస్తరు? చేతులెత్తండి.

కృష్ణలంక_కుర్రాడు
ఇచ్చేవాణ్ణి బ్రో. రేసులు మొదలుపెట్టాక మానేశా. హిమోగ్లోబిన్ పడిపోయి నెలన్నర స్పీడు పోతుంది.

సిరిసిల్ల_సైకిల్
నాకు తెలుసు ఇదే అంటవని. నేనూ అట్లనే అన్న. మా అక్క కొడుక్కి తలసీమియా. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలె, చిన్నప్పటి నుంచి అంతే. ఏప్రిల్, మే నెలలొచ్చిందంటే మాకు టెన్షన్. ఎందుకంటే శిబిరాలు ఎక్కువ కాలేజీల్లోనే పెడతరు, ఎండాకాలం కాలేజీలు బందు. పిల్లలు ఊర్లకు పోతరు, రక్తనిధిలో సీసాలు అడుగంటుతయి. డోనర్‌ని తీసుకొస్తేనే ఇస్తమంటరు.

ఇప్పుడు చెప్పు. మన రేసులెప్పుడు? ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా. 42 డిగ్రీల ఎండలో ఎవడు రేసు పెడతడు? అంటే మన ఖాళీ, వాళ్ళ కరువు ఒక్కసారే వస్తున్నయి. మార్చి ఆఖర్ల ఒకసారి ఇస్తే మేలోపు రక్తం మళ్ళీ ఊరుతది. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇయ్యొచ్చు. హిమోగ్లోబిన్ 12.5 ఉండాలె. మా గ్రూపులో తొమ్మిది మంది పేర్లు రాసి వరస పెట్టుకున్నం, ఏప్రిల్ మొదటి వారం ముగ్గురు, మూడో వారం ముగ్గురు, మేలో ముగ్గురు. అందరూ ఒక్కరోజే ఇచ్చి ఫోటో దిగితే నా మేనల్లునికి ఫాయిదా లేదు, తీసిపెట్టిన ఎర్రకణాలు నలభై రెండు రోజులకే పాతబడతయి.

కృష్ణలంక_కుర్రాడు
మేలో నా స్పీడు ఎవడికి కావాలిలే. నా పేరు రాసుకో అన్నా, విజయవాడలోనే ఇస్తా.

డ్యూటీ_డాక్టర్
సిరిసిల్ల గారి వరస పద్ధతి బంగారం. ఇచ్చిన రోజూ మర్నాడూ గట్టి ట్రైనింగ్ వద్దు, నీళ్ళు బాగా తాగండి. ఆడవాళ్ళు, బాగా ఎక్కువ దూరాలు పరుగెత్తేవాళ్ళు ఇచ్చేముందు ఐరన్ నిల్వలు చూపించుకుంటే మంచిది. మెల్లగా తగ్గినా తెలియదు, "ఫామ్ పోయింది" అనుకుంటారు.

ఇంకోటి చెప్పాలని మూడు రోజులుగా ఆగుతున్నాను. పోయిన నెల క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ దిగబోతుంటే ఒకాయన్ని తెచ్చారు. పార్కులో వాకింగ్ చేస్తూ పడిపోయారు. చుట్టూ పాతిక మంది ఉన్నారట. మొహం మీద నీళ్ళు కొట్టారు, చేతిలో తాళాలు పెట్టారు, చెప్పు వాసన చూపించారు, కొడుక్కి ఫోన్ చేశారు. ఒక్కరూ గుండె మీద చెయ్యి వేయలేదు. కుడి గుప్పిట్లో ఆ తాళాలు ఇంకా అలాగే ఉన్నాయి, స్కూటర్ తాళం, ఒక చిన్న వెంకటేశ్వరస్వామి రింగు. నేనే విడిపించి వాళ్ళబ్బాయికి ఇచ్చాను.

గుండె ఆగాక ఒక్కో నిమిషం గడిచేకొద్దీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం చొప్పున తగ్గుతుంది. పిలిచినా కదలక, ఊపిరి సరిగ్గా తీసుకోకుండా ఉంటే ఒకరు 108కి చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120, లోతు కనీసం 5 సెంటీమీటర్లు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ నడిరోడ్డు మీద ఇలాగే ఒకర్ని బతికించిన వీడియో మీరంతా షేర్ చేసే ఉంటారు. షేర్ చేసినవాళ్ళలో నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది?

మోకాలు_నొప్పి
పక్కటెముక విరిగితే మేడం?

డ్యూటీ_డాక్టర్
ఒక్కోసారి విరుగుతుంది. అతుక్కుంటుంది. ఆగిన గుండె తనంతట తాను అతుక్కోదు.

పంక్చర్_శాస్త్రి
మేడం, మా రన్నర్లందరి వాచీల్లో మెట్రోనోమ్ ఉంటుంది, లయ తప్పకుండా టిక్ టిక్ అంటుంది, అడుగుల లెక్కకి నిమిషానికి 170, 180 పెట్టుకుంటాం. దాన్ని 110కి పెడితే నొక్కడానికి లయ దొరుకుతుంది కదా?

డ్యూటీ_డాక్టర్
భేష్. మా ట్రైనింగులో వాడతాను ఇది. అలసిపోయినకొద్దీ లోతు తగ్గిపోతుంది కాబట్టి రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, అది కూడా చెప్పండి.

ఉప్మా_రన్నర్
రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు రెస్టు. మంగళవారం ఇంటర్వెల్స్ అంటే అదే కదా, మనకి కొత్తేముంది.

బావి_ఈతగాడు
డాక్టర్ గారూ, మరి మన ఆటలోనే గుండె ఆగి పోయేవాళ్ళున్నారు కదా. ఆరోగ్యం కోసం అని చెప్పుకోవచ్చా దీన్ని?

డ్యూటీ_డాక్టర్
ఉన్నారు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయాథ్లాన్లలో ప్రాణం పోయిన లేదా గుండె ఆగిన 135 కేసులు తీసి చూశారు. అందులో 90 ఈతలోనే. 85 శాతం మగవాళ్ళు. మొత్తం మీద పాల్గొన్న లక్ష మందికి ఇద్దరి లోపే, కానీ అరవై దాటిన మగవాళ్ళలో చాలా ఎక్కువ. శవపరీక్ష వివరాలు దొరికినవాళ్ళలో నలభై శాతానికి పైగా గుండెలో ఏదో ఒక లోపం ముందే ఉంది. కాబట్టి నలభై దాటి కొత్తగా దిగేవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోండి. రేసు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు కూడా మానండి. ఎండ, చెమట, ఆ మాత్ర మూడూ కలిస్తే కిడ్నీకి మంచిది కాదు. వారానికి 150 నిమిషాల చురుకు నడక చాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. 70.3 ఆరోగ్యం కోసం కాదు, సరదా కోసం. ఆ సరదాని తప్పు పట్టను, కానీ పేరు మార్చొద్దు.

బావి_ఈతగాడు
సూటిగా చెప్పారు, ఒప్పుకుంటున్నాను. మొదట్లో "ఎవరికి ఒరగాలని రూలేముంది" అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ నా సంగతి ఒకటి చెప్తాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మా చిన్నాన్న కొడుకు కాలువలో పోయాడు. వాడికి తొమ్మిది. ఎండాకాలం సెలవులు, నలుగురం దిగాం, కాలువకి ఆ రోజే నీళ్ళు వదిలారు. నేను ఒడ్డున తుమ్మచెట్టు వేరు పట్టుకుని ఉన్నాను. వాడు అరవలేదు. సినిమాల్లోలా చేతులు ఊపి కేకలేస్తారనుకుంటాం, అలా ఏమీ జరగలేదు. మూతి నీటిమట్టానికి వచ్చింది, పైకి చూశాడు, అంతే. పెద్దవాళ్ళొచ్చి బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పారు, పొట్ట మీద నొక్కారు.

ఆ ఏడాదే మా తాత నన్ను బావిలో దింపాడు. ఎండు సొరకాయ బుర్రలు రెండు నడుముకి కట్టి. ఇప్పుడు బుర్రలు దొరకవు, ఐదు లీటర్ల నూనె క్యానులు కడుతున్నాను. పదిహేడేళ్ళుగా ప్రతి మే నెలా ఊరెళ్ళి పిల్లలకి ఈత నేర్పుతున్నాను. ఓపెన్ వాటర్ రేసులు నాలుగు చేశాను కానీ వాటి సంగతి ఊళ్ళో ఎవరికీ తెలీదు.

విశాఖ_వాసి
మనసుకి కష్టంగా ఉంది చదువుతుంటే. కానీ ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి. ఈత వచ్చిందన్న ధైర్యంతోనే ఎక్కువమంది దిగుతారు. మా ఆర్కే బీచ్‌లో పోయేవాళ్ళలో ఈతగాళ్ళు లేరనుకుంటున్నారా? అలలు లోపలికి లాగితే పూల్‌లో నేర్చిన ఈత ఏ మూలకీ చాలదు. మీరు నేర్పిన పిల్లాడికి ఏదైనా అయితే?

బావి_ఈతగాడు
రోజూ భయమే. అందుకే ఒకసారికి నలుగుర్ని మించి దింపను, ఒక్కొక్కరికి తాడు, ఆ తాడు కొస గట్టు మీద వాళ్ళమ్మో నాన్నో పట్టుకోవాలి, ఎవరూ రాకపోతే ఆ పిల్లాడికి ఆ రోజు క్లాసు లేదు. మొదటి వారమంతా వెల్లకిలా తేలడమే. చెవులు నీళ్ళలో మునగాలి, పొట్ట పైకి లేవాలి, ఆకాశం చూస్తూ వంద లెక్కపెట్టాలి. చేతులు కొట్టడం రెండో వారం. స్పీడు నేర్పను. కాలువలో పడ్డవాడు బతికేది ఈది కాదు, ఎవరైనా వచ్చేదాకా తేలి.

ఇంకోటి కూడా నేర్పుతాను. ఎవడైనా మునిగిపోతుంటే దూకొద్దు. వాడు మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. గట్టు మీద పడుకుని కర్ర అందించు, లేకపోతే తాడు గానీ, చీర గానీ, మూత బిగించిన ఖాళీ క్యాను గానీ విసురు. ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు, విసరడంలో ఆడపిల్లలకి గురి బాగుంది. నేర్పకపోయినా వాళ్ళు కాలువలో దిగుతారు విశాఖ గారూ. ఎండాకాలం, పల్లెటూరు, పదేళ్ళ వయసు. ఎవడు ఆపగలడు?

డ్యూటీ_డాక్టర్
దేశంలో ఏటా ముప్పై వేల మందికి పైగా మునిగి పోతున్నారు. ఆరేళ్ళు దాటిన పిల్లలకి ఈత, నీటి దగ్గర జాగ్రత్తలు, ఒడ్డునుంచే కాపాడటం నేర్పమనే డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్తుంది. మీరు చేస్తున్నది అక్షరాలా అదే.

తిప్పడం, పొట్ట నొక్కడం గురించి ఒక్క మాట, దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. కడుపులో నీళ్ళు కక్కిస్తే లాభం లేదు, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా నష్టం, టైము కూడా పోతుంది. నీళ్ళలో మునిగినవాడికి ముందు అందనిది గాలి. కాబట్టి ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. నడుస్తూ పడిపోయిన పెద్దాయనకి నొక్కడం ఒక్కటే చేసినా సరే, మునిగినవాడికి గాలి కూడా కావాలి. ఈ తేడా తెలియక చాలామంది పోతున్నారు.

బావి_ఈతగాడు
ఈ మే నుంచి అది కూడా నేర్పుతాను మేడం. ముప్పై ఏళ్ళ కిందట మా గట్టు మీద ఎవరికైనా తెలిసుంటే బాగుండేది.

మోకాలు_నొప్పి
ఇంతసేపూ జోకులు వేశాను. ఈత క్యాన్లు కావాలంటే చెప్పండి, నాకు హోల్‌సేల్ నూనె షాపుంది. ఖాళీవి కడిగి పంపిస్తాను, మూతలతో సహా.

లాస్ట్_ఫినిషర్
మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా. విజయవాడ రైడ్ మానేశాం. 14 మందిలో ఐదుగురు అలిగారు, టీషర్టు డిజైన్ అప్పటికే అయిపోయిందట.

సోమ, బుధ, శుక్రవారాలు మా కాలనీ చెరువు గట్టు మీద 6 గంటలకి నడక మొదలుపెట్టాను. వాట్సాప్‌లో పెడితే 40 బొటనవేళ్ళు వచ్చాయి. మొదటి రోజు వచ్చింది ముగ్గురు. ఎదురింటి రిటైర్డ్ కండక్టరు గారు, వాళ్ళ ఆవిడ, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య. ఆవిడకి షుగరు, హవాయి చెప్పులతో వచ్చింది. కండక్టరు గారు ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి "స్టేజీ" అంటారు. నా వాచీ అయితే ఇది వ్యాయామమే కాదనుకుంది, నేను కదలడం లేదని ఆటో పాజ్‌లోకి పోయింది. మొదట చిరాకేసింది. నాలుగో రోజు ఆ సెట్టింగ్ తీసేశాను.

అత్తిలి గారికి: మంగళ, గురువారాలు బాక్సులు నేనే కడుతున్నాను. మా ఆవిడ పూల్‌కి వెళ్తోంది. రెండుసార్లు చట్నీ మర్చిపోయాను.

ఇప్పుడు నడకకి పదకొండు మంది వస్తున్నారు. వచ్చే ఆదివారం డ్యూటీ_డాక్టర్ గారు మా కమ్యూనిటీ హాల్లో సీపీఆర్, అదే ఆ ఛాతీ నొక్కడం, నేర్పడానికి ఒప్పుకున్నారు, బొమ్మలు రెండు ఆవిడే తెస్తున్నారు. 7 గంటలకి. నాలుగోరోడ్డు_నివాసి గారూ, వీలైతే మీరూ రండి. మా వీధిలో ఏ రోడ్డూ మూయడం లేదు.

అత్తిలి_అమ్మాయి
చట్నీ విడిగా చిన్న డబ్బాలో రాత్రే పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మామగారు ఏమన్నారు?

లాస్ట్_ఫినిషర్
ఫోన్‌లో చెప్పాను. "హవాయి చెప్పులతో నడిస్తే షుగరు మనిషికి పాదం పుండు పడుతుంది, ముందు ఆవిడకి బూట్లు చూడు" అని పెట్టేశారు.

డ్యూటీ_డాక్టర్
ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్నవి కొనండి, సాయంత్రంపూట కొలవండి, పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాటన్ సాక్సు కూడా.

నాలుగోరోడ్డు_నివాసి
ఈ ఆదివారం అమ్మకి డయాలసిస్ లేదు. వస్తాను.

మోకాలు_నొప్పి
టిఫిన్ ఉందా?

ఉప్మా_రన్నర్
నేను తెస్తున్నాను.

మోకాలు_నొప్పి
నీ పేరు చూసే అడుగుతున్నా. ఏం టిఫిను?

ఉప్మా_రన్నర్
...పెసరట్టు.

మోకాలు_నొప్పి
ఉప్మా పెసరట్టేనా మరి?

ఉప్మా_రన్నర్
ఏడింటికి వచ్చి చూడు.